అక్టోబర్ పేజీ

రాస్ అల్ ఖైమాలో మా ప్రెస్సు
ఏటా ఒకటే అబద్ధం అచ్చువేస్తుంది:
అక్టోబర్ పేజీ మీద ఎర్రటి మేపుల్ చెట్లు,
తడిసిన బాట, గొడుగు పట్టిన ఎవరో తెల్లామె.
టైర్ల షాపులో, మందుల షాపులో, చేపల మార్కెట్లో
ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండకి ఆమె వేలాడుతుంటుంది.

ఈసారి ఇక్కడి శరత్తు నేను తీసుకొస్తానన్నాను.
కురియాకోస్ సార్ కళ్ళజోడు మీదుగా చూసి
"ఉంటే తీసుకురా" అన్నాడు.

సెకండ్‌హ్యాండ్ కెమెరా. లెన్సులో ఓ మూల బూజు.
చేతిలో నాలుగు శుక్రవారాలు.

మొదటిది వట్టిపోయింది.
బయటికి రాగానే లెన్సుకి ఆవిరి కమ్మింది,
తుడిచేలోగా పొద్దు నెత్తికెక్కింది.
కొండలుండాల్సిన చోట కొండల అనుమానం.
అది క్వారీ దుమ్మా, మంచా అంటే
"రెండిటికీ నిఖా అయింది" అన్నాడు డ్రైవర్ మెహ్రుల్లా.

రెండో వారం ఖోర్ ఒడ్డున
వల కుడుతూ ముసలి ఒబైద్.
సుహైల్ చుక్క పొడిచిన రాత్రి నుంచి
వేలి కణుపుల మీద పదేసి రోజులు లెక్కపెడతాడు.
"నాలుగో పదికల్లా నీళ్ళు చల్లబడాలి.
ఇది అయిదో పది.
చుక్క వేళకే వచ్చింది, సముద్రమే రాలేదు."

మెట్‌పల్లిలో మా పెద్దమ్మ లెక్క పదమూడు, పద్నాలుగు.
నిరుడు ఫోన్లో అంది:
"హస్తల కొట్టాల్సిన వాన స్వాతిల కొట్టింది బిడ్డా,
కల్లంల వడ్లు మొలకలెత్తినయ్."
ఆ మాట ఒబైద్‌కి చెప్పేంత అరబ్బీ నాకు లేదు.
నీళ్ళలో చెయ్యి పెట్టమన్నాడు, పెట్టాను.
పసిపిల్లకి తొలిపిన నీళ్ళలా ఉన్నాయి.
దాన్ని ఫోటో ఎలా తీయను?

మూడో శుక్రవారం ఓవర్‌టైమ్.
కానీ అంతకుముందు బుధవారం రాత్రి రెండున్నరకి
మా గదిలో ఎవరో ఏసీ ఆపారు.
మే నెల నుంచీ తలల మీద తిరిగిన రొద
ఒక్కసారి ఆగేసరికి ఆరుగురం దిగ్గున లేచాం,
కరెంటు పోయిందని.
"లేదన్నా, చలి వెడ్తుంది" అన్నాడు లింబాద్రి,
తప్పు చేసినట్టు.
కిటికీ లాగితే పెయింటు పెచ్చుతో సహా వచ్చింది.
గాలి. ఎక్కడిదో రేగుపూల వాసన,
ఇక్కడ దాన్ని సిద్ర్ అంటారు.
కెమెరా నొక్కాను.
నల్లగా వచ్చింది, అంతా నలుపే.

నాలుగోసారి లింబాద్రి కూడా వచ్చాడు.
దిగ్దగా దాటాక, ఎండిన వాగులో
ఒంటరి ఘాఫ్ చెట్టు.
మొదలు మీద మోకాలెత్తున మట్టి చార,
ఎన్నడూ రానంత వరద వచ్చినప్పటిది.
ముల్లు చూసి, ఆకు చూసి, చెప్పులు విడిచాడు.
"ఏందన్నా, ఇది జమ్మే గదా!
పదకొండేండ్ల సంది గీ తొవ్వలనే
నీళ్ళ ట్యాంకర్ తోల్తున్న,
ఒక్కనాడు దిగి సూడలె."

కొమ్మ ముట్టలేదు, విరిస్తే జరిమానా.
ఒంటె నమిలి వదిలిన రెమ్మలు ఇసకలో ఏరి
నా అరచేతిలో పెట్టి "బంగారం" అన్నాడు.
దసరా పోయి మూడు వారాలు దాటింది.
అలాయ్ బలాయ్ తీసుకుంటుంటే
ఇద్దరి రొమ్ముల మధ్య కెమెరా గుచ్చుకుంది.

అతని చేతిలో మళ్ళీ పెట్టించి తీశాను:
డీజిల్ మరక చేతిలో నాలుగు ఆకులు,
వెనకాల, మసక విడుతున్న కొండ.

సార్ చాలాసేపు చూశాడు.
"ఆకు పచ్చగా ఉందే" అన్నాడు.
అది బంగారమని చెప్పబోయి
మలయాళంలోనూ ఆ మాట రాక ఊరుకున్నాను.

మేపులే అచ్చయింది, నాలుగు వేల కాపీలు.
ప్లేటు మార్చే సందులో, వేస్టు కాగితం మీద
నా చెయ్యి పేజీ ఏడు తీసుకున్నాను.
గదిలో అయిదు. ట్యాంకర్ అద్దం దగ్గర ఒకటి.

ఏడోది ఒబైద్‌కిచ్చాను.
బొమ్మని ఒక్క చూపు చూసి, బోర్లా తిప్పి,
ఆ తెలుపు మీద పెన్సిల్‌తో
పదుల గీతలు గీయడం మొదలుపెట్టాడు.